కొట్టాల పేరు కోయనివ్వని టీచరమ్మ

ఆమె ఆత్మకు శాంతి కలగాలని ఈ వ్యాసంలో నేను ఎక్కడా కోరబోవడం లేదు. కోరితే దీవెనమ్మ టీచరు ఊరుకునే మనిషి కాదు. "శాంతి యెవురికి కావాలమ్మీ? పనయిపోయినోళ్ళకు. మనకు యాడ అయింది?" అని కళ్ళద్దాల మీదుగా ఒక చూపు చూసేది. ఇప్పుడు ఆ చూపు లేదు. పని మాత్రం అట్లాగే ఉంది.

కిందటి గురువారం పొద్దున నంద్యాలలో మా కంప్యూటర్ కేంద్రం తలుపు తీసి, యంత్రం మీద కప్పిన గుడ్డ తొలగిస్తున్నాను. ఆమె తమ్ముడు దానియేలు ఆళ్ళగడ్డ నుంచి మొదటి బస్సుకు వచ్చి, మెట్లెక్కి, గుమ్మం బయట చెప్పులు విడిచాడు. అంతటి దుఃఖంలోనూ అక్క పెట్టిన కట్టడిని మరవలేదు. లోపలికి వచ్చి, ఖాళీగా ఉన్న ఆమె కుర్చీని చూసి, "అక్క పాయెనమ్మా, ఓబులమ్మా" అన్నాడు. "యాడికి?" అని అడిగాను నేను. నిజంగానే అడిగాను. సోమవారం వస్తానని చెప్పి ఆళ్ళగడ్డలో తన ఇంటికి పోయిన మనిషి ఇంకెక్కడికి పోతుంది? దానియేలు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. దిగ్భ్రాంతి అనే మాటను పత్రికల్లో అనేక పర్యాయాలు చదివాను గానీ, దిక్కులు నిజంగానే తప్పిపోతాయని నాకు ఆ క్షణంలో తెలిసింది. తెల్లవారుతుండగా చాయ్ అడిగిందట. తెచ్చేసరికి గుండె ఆగిపోయిందట.

మర్నాడు పత్రికలో ఒక మూలన, కంప్యూటర్ కేంద్రం నిర్వాహకురాలు మృతి చెందారని రెండు పంక్తులు వేశారు. రెండు పంక్తులా! ఆళ్ళగడ్డ, నంద్యాల ప్రాంతాల్లో ఒక తరం పిల్లలకు లెక్కలు నేర్పిన విదుషీమణి, ఏ అధికారికీ తల వంచని ధీరురాలు, ఆ రెండు పంక్తుల్లో ఎట్లా ఇమిడిందో నాకు తెలియదు. ఇమడలేదు. కోసి ఇమిడ్చారు. కోతలంటే ఆమెకు ఎంత కోపమో తెలిసిన దాన్ని కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను.

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు పోయే దారిలో, రోడ్డు దిగి కాస్త లోపలికి పోతే గుండంపాడు, మా ఊరు. వంక దాటితే గుండంపాడు కొట్టాల. ఊరికి ఎడంగా వేసుకున్న ఇళ్ళ గుంపును మా సీమలో కొట్టాల అంటారు. ఊళ్ళో ఉండేది భూములున్న రైతులు. కొట్టాలలో ఉండేది ఆ భూముల్లో చెమటోడ్చే కూలీలు. అక్కడొక చిన్న ప్రార్థనా మందిరం, ఒక ఉప్పునీళ్ళ బావి. నేను ఊరి పిల్లను. ఆమె కొట్టాల బిడ్డ. కొట్టాల వాళ్ళు మా ఊరి నడివీధిన పోయేటప్పుడు చెప్పులు విడిచి చేత పట్టుకుని నడవాలన్నది ఆనాటి ఆచారం. దాన్ని ఆచారమనడానికి ఇప్పుడు నాకు నోరు రావడం లేదు. టీచరు ఉద్యోగం వచ్చిన రోజు నుంచి ఆమె మా నడివీధిన అడుగు పెట్టడమే మానేసింది. వంక వెంబడి, కంపచెట్ల మధ్య, చుట్టుదారిన కొట్టాలకు పోయేది, కాళ్ళకు చెప్పులతో. ఎందుకమ్మా ఇంత దూరం అని ఎవరైనా అడిగితే, "దూరం నడిస్తే కాళ్ళు నొస్తాయి. చెప్పులు చేత పడితే ఇంకొకటి నొస్తాది. కాళ్ళ నొప్పికైతే మందుంది" అనేది.

డెబ్భైలలో ఆళ్ళగడ్డ బడిలో ఆమె మాకు లెక్కల టీచరు. అహోబిలం పక్కనే ఉన్న సీమ కాబట్టి మా తరగతిలో ఓబులేసులూ ఓబులమ్మలూ కుప్పలు. అంతకు ముందున్న అయ్యవారు ఈ తలనొప్పి ఎందుకని మాకు అంకెలు తగిలించాడు. నేను ఓబులమ్మ మూడు. దీవెనమ్మ టీచరు మొదటి రోజు హాజరు పిలుస్తూ అక్కడ ఆగింది. "మూడేందీ? జైల్లో ఉండావా నువ్వు?" అని అడిగింది. తరగతి ఘొల్లుమంది. తర్వాత ఒక్కొక్కరినీ లేపి, నీకు ఏం వచ్చునో చెప్పమని అడిగి, ఆ మాటను పేరుకు ముందు చేర్చింది. ఒకడు ఈతల ఓబులేసు అయ్యాడు. ఒకతె పాటల ఓబులమ్మ అయింది. నా వంతు వచ్చేసరికి, నాకు అంకె తగిలించిన అయ్యవారి మీద నేను పెద్దగొంతుతో ఫిర్యాదు చేస్తున్నాను. "సరే, నువ్వు తగువుల ఓబులమ్మ" అంది. నేటికీ నాకు ఆ పేరు పోలేదు.

ఆ రోజు ఆమె చెప్పిన మాటను అప్పుడు మేము వేళాకోళంగానే విన్నాం. "తేడా ముందుండాల, అందరికీ ఉండేది వెనకుండాల. పిలిస్తే ముందుండేదే కదా చెవుల పడేది" అని చెప్పింది. మన లోకం దీనికి తలకిందులుగా నడుస్తుందని వివరించింది కూడా. ముందు ఇంటిపేరు, వెనక మనిషి. ముందు ఊరు, వెనక కొట్టాల. వినే ఓపిక మధ్యలో చచ్చిపోతే వెనక ఉన్నవాడి గతి ఏమిటని అడిగింది. మాకేం తెలుసు, గంట కొడితే బయటికి ఉరికాం.

ఇంకొక సంగతి. ఒకసారి బోర్డు మీద లెక్క చేస్తూ ఆమే తప్పు చేసింది. ఈతల ఓబులేసు లేచి భయపడుతూ చెప్పాడు. ఇంకొకరైతే చటుక్కున తుడిచేసి, మీరు చూస్తాండారో లేదోనని పరీక్ష పెట్టినానని చెప్పేవారు. ఆమె తుడవలేదు. ఆ లెక్క చుట్టూ గీత గీసి, "ఈ తప్పు టీచరుది" అని రాసి, సాయంత్రం దాకా అట్లాగే ఉంచింది. పక్క తరగతుల పిల్లలు కూడా వచ్చి చూసిపోయారు. హెడ్మాస్టరు వచ్చి, ఏందమ్మా ఇది, పిల్లోళ్ళ ముందర పరువు పోతాది అంటే, "తుడిస్తే పోయేది లెక్కొక్కటే సార్. తప్పు పోదు" అని జవాబిచ్చింది. ఆమె ధర్మనిష్ఠకు ఇంతకన్నా నిదర్శనం నేను ఇవ్వలేను.

ఎనభైలలో, ఇంకా సర్వీసు మిగిలి ఉండగానే ఉద్యోగం వదిలేసి హైదరాబాదు పోయి కంప్యూటర్ నేర్చుకుంది. తలలో సగం వెంట్రుకలు నెరిసిన వయసు. పక్క బెంచీల్లో ఆమె శిష్యుల ఈడు వాళ్ళు. ఈ వయసులో మీకెందుకమ్మా ఇది అని పాఠం చెప్పేవాడు అడిగితే, "ఈ వయసులో కాకుంటే సచ్చినాంక నేర్చుకుంటానా?" అని అడిగిందట. అట్లా అడిగానని చెప్పి తనే పొట్ట పట్టుకుని నవ్వేది. తిరిగి వచ్చి నంద్యాలలో, మిల్లు సామాన్ల అంగడి మీద ఒక మేడగది బాడుగకు తీసుకుని కేంద్రం తెరిచింది. నేను డిగ్రీ ముగించి ఇంట్లో కూర్చుని, మా నాయనతో పొద్దుకొక తగువు వేసుకుంటూ ఉన్నాను. "రా అమ్మీ. ఆ తగువులేవో యంత్రంతో పెట్టుకుందువు" అని కబురు పంపింది.

దుమ్ము పడితే యంత్రం చెడిపోతుందని ఆ రోజుల్లో కంప్యూటర్ గదిలోకి ఎవరూ చెప్పులతో వచ్చేవారు కాదు. మా కేంద్రంలో ఆ నియమం శాసనం. బ్యాంకు మేనేజరైనా, డాక్టరైనా గుమ్మం దగ్గర చెప్పులు విడవాల్సిందే. గోడ పక్కన చెప్పుల వరస చూసి కింద అంగడాయన, "పైన గుడి కట్టినారా ఏందమ్మా?" అని ఎగతాళి చేసేవాడు. కరెంటు ఉన్నంతసేపు పని, పోతే పాఠం. బోరులో నీళ్ళ కోసం చూసినట్టు మేము కరెంటు కోసం చూసేవాళ్ళం.

ఇక అసలు సంగతికి వస్తాను. ఒక ఎండాకాలం మాకు తాగునీటి సర్వే పని వచ్చింది. ఏ ఊళ్ళో ఇళ్ళు ఎన్ని, బావులు ఎన్ని, నీళ్ళు తియ్యనివా ఉప్పువా అన్న వివరాలను కర్నూలులో ఒక సర్కారు ఆఫీసు వారు తమ పెద్ద యంత్రంలో ఎక్కించేవారు. ఊరికొక ఫైలు. వాటిని ఫ్లాపీల్లోకి దింపి మాకు పంపితే, మేము ఊరికొక కాగితం అచ్చు తీసి ఇవ్వాలి. ఆ కాగితాలను చూసి ఎక్కడెక్కడ బోర్లు వేయాలో తేలుస్తారు. కాగితం లేని ఊరికి బోరు లేదు. ఫైళ్ళకు పేర్లు ఎట్లా పెట్టాలని వాళ్ళు అడిగితే, అన్ని రికార్డుల్లో రాసే పద్ధతినే టీచరమ్మ చెప్పింది. ముందు ఊరి పేరు, దాని వెనక కొట్టాలో తండానో ఉంటే ఆ పేరు, రెండూ కలిపి.

పెద్ద యంత్రం నడిచేది యూనిక్స్ అనే వ్యవస్థ మీద. పొడవైన పేర్లను ఓర్చుకునే గుణం దానికుంది. మాది డాస్. ఫైలు పేరు ఎనిమిది అక్షరాలకు మించితే దానికి గిట్టదు. గిట్టదని నోరు తెరిచి చెబితే గొడవే లేదు. చెప్పదు! ఎనిమిదో అక్షరం దగ్గర తోక కోసేసి, ఏమీ ఎరగనట్టు పని కానిస్తుంది. ఆ కోసిన పేరుతో ముందే ఒక ఫైలు ఉంటే, దాన్ని తుడిచేసి దాని చోట కొత్తదాన్ని కూర్చోబెడుతుంది. గుండంపాడును ఇంగ్లీషులో రాస్తే పది అక్షరాలు. గుండంపాడు కొట్టాలకు ఇంకా ఎక్కువ. రెండింటినీ ఎనిమిది దగ్గర కోస్తే మిగిలేది ఒకటే, గుండంపా. ముందు ఊరి ఫైలు ఎక్కింది. తర్వాత కొట్టాల ఫైలు వచ్చి ఊరిని తుడిచేసింది. కాగితం మీద అచ్చయ్యేది ఫైలు పేరే కాబట్టి, చూడబోతే పేరు ఊరిది, లోపల లెక్క కొట్టాలది. కొట్టాల పేరుతో కాగితమే లేదు. ఇవేవీ మాకు అప్పుడు తెలియవు.

తెలిసేటట్టు చేసినవాడు మా నాయన. పంచాయతీకి పంపిన నకలు చూసి, ఒక మధ్యాహ్నం నిప్పులు కక్కుతూ మెట్లెక్కి వచ్చాడు. కర్నూలు నుంచి ఆ పని చూసే అధికారి కూడా కాగితాలు తీసుకుపోవడానికి అప్పుడే వచ్చి కూర్చున్నాడు. "ఏందీ ఇది? గుండంపాడులో ఇండ్లు ఇంతేనా? మాయి మిద్దెలు కండ్లకు కనపళ్ళేదా? మా బాయి నీళ్ళు కొబ్బరినీళ్ళు, ఉప్పు అని రాస్తారా?" అని గుమ్మంలోనే అరిచాడు.

"చెప్పులు బయట, పెద్దాయనా" అంది టీచరమ్మ.

మా నాయన తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "నన్నా?"

"యంత్రానికి నువ్వైనా నేనైనా ఒకటేనప్పా. దుమ్ము పడితే చెడిపోతాది."

మా నాయన నా వైపు చూశాడు. నేను కీబోర్డు వైపు చూశాను. కొట్టాల మనిషి చెబితే మా నాయన చెప్పులు విడవడం అన్నది మా ఊళ్ళో ఎవరి ఊహకూ అందని సంగతి. కాసేపటికి గుమ్మం బయట చెప్పుల చప్పుడు వినిపించింది. వట్టి కాళ్ళతో లోపలికి వచ్చి కాగితాన్ని బల్ల మీద పడేశాడు.

ఆమె కాగితం తీసుకుని చదివింది. చదువుతూ చదువుతూ ఆమె ముఖం మారింది. "ఇది మీ ఊరు కాదు పెద్దాయనా. ఈ ఉప్పునీళ్ళ బాయి నాకు తెలుసు, దాని నీళ్ళు తాగే పెరిగినా. ఇది మా కొట్టాల" అంది. సరిగ్గా అప్పుడే దానియేలు కూడా ఆళ్ళగడ్డ బస్సు దిగి వచ్చాడు. "అక్కా, మన కొట్టాలకు కాగితమే లేదంట. బోరు లేదంట" అన్నాడు.

టీచరమ్మ యంత్రం ముందు కూర్చుంది. అందరినీ వెనక నిలబెట్టి, మా ఊరి పేరు మొత్తం కొట్టి ఒక ఫైలు చేసింది. తర్వాత కొట్టాల పేరు మొత్తం కొట్టి ఇంకొకటి చేసింది. తెర మీద చూస్తే ఉన్నది ఒకటే ఫైలు, గుండంపా. తెరిచి చూస్తే రెండోది ఉంది, మొదటిది లేదు. ఆమె కుర్చీ తిప్పి మా వైపు చూసింది. "ఈ తప్పు నాది. ఊరి పేరు ముందర పెట్టమని చెప్పింది నేనే. పేరు మారినప్పుడు యంత్రం యాడ కోస్తాదో చూసుకోవాల్సింది నేనే" అని అధికారి ముందరే చెప్పింది. బోర్డు మీద గీత గీసిన మనిషి కదా, నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

అధికారి ఊపిరి పీల్చుకున్నాడు. తప్పు తనది కాదని తేలింది కాబట్టి ఉదారుడయ్యాడు. "పోనీలెండి మేడమ్, ఇందులో పెద్ద ఇబ్బందేం లేదు. కొట్టాలని ఊళ్ళో కలిపేద్దాం. ఎలాగూ ఒకే పంచాయతీ కదా. ఒకటే ఫైలు, ఒకటే పేరు, మీకూ సులువు" అన్నాడు.

"అదీ మాట! బోరు ఊళ్ళో వేస్తే వాళ్ళూ వచ్చి పట్టుకపోతారు" అన్నాడు మా నాయన.

ఆమె లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. "ఎట్ల పట్టుకుంటారు పెద్దాయనా? మీవాళ్ళు పైనుంచి పోసేదాంక బిందె పట్టుకోని నిలబడాల. నేను నిలబడినా. నా తల్లి నిలబడింది. ఈ దానియేలు పెండ్లాం ఈ పొద్దు కూడా నిలబడింటాది. మా పేరు కోసేస్తే పోయేది అక్షరాలు కాదు, నీళ్ళు." అధికారి వైపు తిరిగింది. "మూత కురచయితే కుండ పగలగొడతామా సార్? కొట్టాలను తీసేసి ఈ తప్పు దిద్దేది లేదు."

"సరే, అయితే ఊళ్ళకు అంకెలు వేసేయండి. అంకెలకు ఈ బాధ ఉండదు" అన్నాడు అధికారి. నిజానికి అది తేలికైన దారి. చాలాచోట్ల అట్లాగే చేస్తారు. ఆమె ఒప్పుకోలేదు. "అంకె తప్పయితే యెవురికి తెలుస్తాది? ఒక ఊరి అంకె ఇంకో ఊరికి పడినా కాగితం నున్నగానే ఉంటాది. పేరు తప్పయితే ఆ ఊరాయప్ప చెప్పులేసుకోని వచ్చి కొట్లాడతాడు. ఇదో, ఈయన వచ్చి కొట్లాడినాడు కాబట్టే మనకు తెలిసింది" అని మా నాయనను చూపింది. తిట్టిందో మెచ్చుకుందో అర్థంకాక మా నాయన మీసం దువ్వుకున్నాడు.

అధికారి ఇక మెత్తగా మాట్లాడలేదు. సాయంత్రానికి కాగితాలు ఇవ్వకపోతే ఈ పనే కాదు, ఏ పనీ మీకు రాదన్నాడు. మా కేంద్రానికి అప్పటికి ఉన్న పెద్ద ఆదరువు ఆ పనే. ఆమె మాత్రం, "పాయె. నేను లెక్కలు చెప్పుకోని బతుకుతా. ఇంకా ఎన్ని కొట్టాలలు, ఎన్ని తండాలు ఇట్లా ఒకదాన్నొకటి తుడిచేసుకునినాయో తెల్దు. ఈ కాగితాలు మీ సంతకంతో పైకి పోతే, రేపు ఆ ఊర్లన్నీ మీ మెట్లెక్కుతాయి. అప్పుడు చెప్పులు విడవమని చెప్పేదానికి నేను ఆడ ఉండను" అంది. అధికారి కాగితాల కట్టను చేతికి తీసుకున్నాడు. చివరికి దాన్ని బల్ల మీదే వదిలి లేచాడు.

పరిష్కారం ఆమెకు యంత్రం చెప్పలేదు, మా ఆళ్ళగడ్డ తరగతి చెప్పింది. "అమ్మీ, ఓబులమ్మలను ఎట్ల విడదీసినాం?" అని నన్ను అడిగింది. తేడా ముందు, అందరికీ ఉండేది వెనక! కొట్టాలకు గుర్తుగా కొట్ అని మూడక్షరాలు ముందు పెట్టి, తర్వాత ఊరి పేరులో ఐదక్షరాలు. కొట్‌గుండ. ఇంగ్లీషులో సరిగ్గా ఎనిమిది. ఎక్కడ కోసినా కొట్టాల ముందే నిలబడి ఉంటుంది. తండాలకు వేరే గుర్తు, పాలెంలకు వేరే గుర్తు. మర్నాడే ఇద్దరం కర్నూలు పోయి, ఆ ఆఫీసు వసారాలో బల్ల మీద కూర్చుని, లోపలికి రానిచ్చేదాకా కదలక, పెద్ద యంత్రంలోనే పేర్లన్నీ మార్చాం.

ఆమె పెట్టిన నియమాలను మా గోడ మీద నేనే రాశాను. పేరు మధ్య సందు వదలకూడదు. పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ కలపకూడదు, ఎందుకంటే యూనిక్స్‌కు అవి వేర్వేరు, డాస్‌కు అవి ఒకటే. ఒక యంత్రం నుంచి ఇంకొక దానికి దింపే ముందు, ఎనిమిది దగ్గర కోసి చూసి, రెండు పేర్లు ఒకటైతే అక్కడే ఆగాలి. ఉన్న ఫైలు మీద ఇంకొకటి కూర్చోబోతే యంత్రం ఆగి అరిచేటట్టు నా చేత ఒక చిన్న ప్రోగ్రాము రాయించింది. అన్నింటికన్నా ముఖ్యం, ప్రతి ఫైలు లోపల మొదటి పంక్తిలో ఊరి పేరు ఒక్క అక్షరం కూడా తగ్గకుండా ఉండాలి. "బయట ముద్దుపేరుతో పిలుచుకో, పర్వాలేదు. లోపల అసలు పేరు ఉండాల్సిందే. యంత్రాలు రేపు మారతాయి, ఊరు మారదు" అనేది. అప్పుడు వెతికితే, తుడిచిపెట్టుకుపోయిన ఊరు మాదొక్కటే కాదని తేలింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆ ఆఫీసు నుంచి మాకు పని రాలేదు. ప్రశ్నపత్రాలు టైపు చేసుకుని, పిల్లలకు పాఠాలు చెప్పుకుని నెట్టుకొచ్చాం. కానీ కొట్టాలకు బోరు పడింది. నీళ్ళు తియ్యగా పడ్డాయి. దానియేలు భార్య మొదటి బిందె పట్టి, ఎవరూ పోయకుండా తనే ఎత్తుకుంది. టీచరమ్మ ఒక దోసెడు తాగి, "ఉప్పు లేదే!" అని కూలబడి ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూసింది అదొక్కసారే. తర్వాత ఆ అధికారే మా నియమాలు కావాలని మనిషిని పంపాడు. ఆమె కక్ష పెట్టుకోలేదు, నియమాలు పంపింది. పని మళ్ళీ వచ్చింది.

శుక్రవారం ఆళ్ళగడ్డ నుంచి ఆమెను కొట్టాలకు తెచ్చారు. వ్యాను మా ఊరి మొగదల ఆగింది. ఆమె ఎప్పుడూ పోయే వంకదారికి తిప్పమని దానియేలు డ్రైవరుకు చెబుతున్నాడు. మా నాయన అడ్డం వచ్చి, "చుట్టుదారి యేంటికప్పా? నడీదినే తీసకరాండి" అన్నాడు. దానియేలు మా నాయన ముఖంలోకి చూసి, వ్యాను ఎక్కకుండా పక్కన నడవసాగాడు. మా నాయన వంగి చెప్పులు విడిచి, రెండూ చేత పట్టుకుని, వ్యానుకు ముందు నడిచాడు. ఆయనను చూసి అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. నడివీధి దాటి, వంక దాటి, కొట్టాలలో సమాధుల దొడ్డి దాకా ఆయన చెప్పులు వేసుకోలేదు. ఎండకు నేల కాలిపోతూ ఉంది. ఆమె పేరు పరలోకంలో రాయబడి ఉందని పాస్టరు ప్రార్థన చేశాడు. పూర్తిగా రాశారో లేదో చూసుకోండయ్యా అని నేను మనసులో అనుకున్నాను. పూర్తిగా లేకుంటే ఆమె అక్కడ కూడా ఊరుకోదు.

మన్ను వేసి వస్తుంటే, కర్నూలు నుంచి వచ్చిన ఆ అధికారి నా పక్కన నడుస్తూ, "గొప్ప మనిషండీ" అన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. నేను కాదనను. కాస్త ఆగి, "కొత్త యంత్రాలు వస్తున్నాయి. పేర్లన్నీ మళ్ళీ సర్దాలి. ఈ కొట్టాలలూ తండాలూ అన్నీ ఊళ్ళల్లో కలిపేస్తే ఒక్కరే ఉన్న మీకు చాకిరీ తగ్గుతుంది. మేడమ్ ఉన్నప్పుడంటే వేరు..." అని నసిగాడు. నేను నోరు తెరిచేలోపలే వెనక నుంచి మా నాయన గొంతు వినిపించింది.

"సారూ, కొట్టాల పేరు ముట్టుకోవాకండి. ముట్టుకుంటే మళ్ళీ నేనే మెట్లెక్కి వస్తా. పేరు తప్పయితే వచ్చి కొట్లాడాలని ఆయమ్మే చెప్పింది."

ఆ మాట విన్నాక నాకు అప్పటిదాకా రాని ఏడుపు వచ్చింది. వంక గట్టున కూర్చుని తనివితీరా ఏడ్చాను.

దీవెనమ్మ టీచరు లేని లోటు పూడ్చలేనిదని అందరూ అంటున్నారు. పూడ్చడానికి నేను ఒప్పుకోను. ఆ లోటు అట్లాగే ఉండాలి, బోర్డు మీద ఆమె తుడవని లెక్క లాగా, దారిన పోయేవాళ్ళు నిలబడి చూసేటట్టు ఉండాలి. సులువని చెప్పి ఎవరి పేరునైనా ఎవరైనా కోయబోతే, ఆమె దగ్గర లెక్కలు నేర్చుకున్న ప్రతి ఒక్కరూ లేచి అడ్డం నిలబడండి. ఆమెకు నేను అర్పించగల నివాళి ఈ తగువొక్కటే.

సోమవారం కర్నూలు నుంచి కొత్త ఫ్లాపీలు వచ్చాయి. చెప్పులు బయట విడిచి, కరెంటు వచ్చేదాకా కూర్చుని, ఒక్కొక్కటే తెర మీద చూశాను. కొట్‌గుండ దగ్గర ఆగి, ఫైలు తెరిచి, మొదటి పంక్తి చదివాను. గుండంపాడు కొట్టాల, ఒక్క అక్షరం తగ్గలేదు. ఉంది టీచరమ్మా అని చెప్పబోయి పక్కకు తిరిగాను. కొట్టాల ఉంది. ఉంటుంది. కుర్చీలో టీచరమ్మే లేదు.